తాళము గల డిస్కు, తాళము లేని డిస్కు

గత వేసవి సెలవుల పిమ్మట బోధనునుండి వచ్చు తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు రెండు డిస్కులను నాయొద్దకు దెచ్చెను. ఒకటి 2008వ సంవత్సరమున జరిగిన వాని మేనత్త పెండ్లి డిస్కు. రెండవది యంగడిలో గొన్న తెలుగు చలనచిత్రపు డీవీడీ. ఇంటిలోని డీవీడీ ప్లేయరు పాడైపోయినది. క్రొత్త ల్యాప్‌టాపునకు డిస్కు పెట్టు చోటే లేదు. అంతకు నొక సంవత్సరము ముందు వారు స్నేహితుని కంప్యూటరులో సినిమా ఫైళ్లను పెన్‌డ్రైవులోనికి నకలు చేసి చూడగా, బొమ్మ పచ్చని చదరములుగా చెదరిపోయి, శబ్దము గరగరలాడెనట. దుకాణములో నడుగగా "డిస్కులన్నిటికిని తాళముండును" అని చెప్పిరట. అది నమ్మి పెండ్లి డిస్కు జోలికి బోక, దానిని కిటికీ గూటిలో నుంచిరి.

"సారూ, ఆ తాళమనగా నేమి? మా పెండ్లి డిస్కుకు గూడ నున్నదా?" అని వాడడిగెను. ఈ ప్రశ్న మన పిల్లల యిండ్లలో ననేకులకు గలుగునది గావున నా యెరిగినంత వ్రాయుచున్నాను.

డీవీడీలు 1996లో మొదట జపానులో నమ్మకమునకు వచ్చెను. తమ చిత్రములను జనులు సులువుగా నకలు తీయుదురని చిత్ర నిర్మాతలు భయపడినందున, సీఎస్‌ఎస్ అను నొక తాళము దానికి గూర్చబడినది. డిస్కుమీది సమాచారము 2,048 బైట్ల ఖండములుగా నుండును. తాళము వేసిన చిత్రమున ననేక ఖండములు తారుమారు చేయబడి యుండును. వానిని సరిచేయు చెవులలో నొకటి డిస్కు లోపలి యంచున, మామూలు నకలుకు అందని చోట దాగియుండును. మరియొకటి ఖండముల శిరోభాగమున నుండును. డ్రైవును ప్లేయరును ఒకదానినొకటి గుర్తుపట్టిన తరువాతనే డ్రైవు ఆ చెవులను బయటబెట్టును. ఫైలును మాత్రము నకలు చేసినవాడు, పెట్టెను బండిమీద వేసికొని తాళపుచెవిని గూటిలోనే మరచివచ్చినవానివంటివాడు. పెట్టె వచ్చినది నిజమే, తెరచుట యెట్లు?

ఈ తాళము చెవి పొడవు 40 బిట్లు. అనగా రమారమి ఒక లక్ష పదివేల కోట్ల చెవులు సాధ్యము. వినుటకు గొప్ప సంఖ్యయే గాని, తాళమును చేసిన తీరులోనే లోపములున్నందున అంత వెదకనక్కరలేదని 1999లోనే తేలిపోయెను. ఆ సంవత్సరము అక్టోబరులో నార్వే దేశపు బాలుడు యోన్ లెక్ యోహాన్‌సెన్, మరి యిద్దరి తోడ్పాటుతో, డీసీఎస్‌ఎస్ అను ప్రోగ్రామును వెలువరించెను. అప్పటికి వానికి 15 ఏండ్లు. మన పదవ తరగతివాని యీడు. తాను గొన్న డిస్కును లినక్సు కంప్యూటరులో చూచుటకు వేరు మార్గము లేదని వాని వాదము. వానిపై నేరారోపణ జరిగెను. ఓస్లో న్యాయస్థానము 2003 జనవరిలో నిర్దోషియని తీర్పు చెప్పగా, అదే సంవత్సరము డిసెంబరులో పై న్యాయస్థానము దానిని స్థిరపరచెను.

మన దేశపు చట్టము వేరు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో 65ఎ అను సెక్షను చేర్చబడినది. హక్కులను భంగపరచు నుద్దేశముతో ఇట్టి తాళమును తప్పించినవానికి రెండేండ్లవరకు కారాగారమును, జరిమానాయును గలవు. చట్టము స్పష్టముగా నిషేధింపని పనికై తప్పించుట నేరము గాదు. అయితే మరియొకరికి అందులో సాయపడువాడు వారి పేరు, చిరునామా, ప్రయోజనము వ్రాసి యుంచవలెను. స్వంత వినియోగమునకు న్యాయమైన మేర వాడుకొనుటను 52వ సెక్షను అనుమతించుచున్నది. కొన్న డిస్కును తానింట జూచుకొనుటకును, దానిని మార్చి వీధిలో పదిమందికి పంచుటకును ఎంతో భేదమున్నదని నా యభిప్రాయము. రెండవ పనికి నేను సాయపడనని ఆ పిల్లవానితో ముందే చెప్పితిని.

నిజమునకు సినిమా చూచుటకు మార్పిడియే యక్కరలేదు. యూఎస్‌బీ తీగతో తగిలించు డీవీడీ డ్రైవు నొకటి తెచ్చి, వీఎల్‌సీ అను ఉచిత ప్లేయరులో డిస్కును నేరుగా పెట్టిన చాలును. ఇదియు 1996లో పారిస్ విద్యార్థులు మొదలుపెట్టిన పనియే. అమెరికానుండి బంధువులు తెచ్చిన డిస్కులకు ప్రాంతపు సంకేతమను చిక్కు గూడ గలుగవచ్చును: మనది 5, వారిది 1. డ్రైవులో ఈ సంఖ్యను సాధారణముగా ఐదు మారులే మార్చగలము. ఆ పైన అది స్థిరపడిపోవును గావున తొందరపడి మార్చరాదు.

ఇక పెండ్లి డిస్కు. ఫోటోగ్రాఫరులు మామూలు రాతడిస్కుమీద వ్రాసి యిచ్చినవానికి సీఎస్‌ఎస్ తాళముండదు. పాత వీసీడీలకును అంతే. డిస్కు తెరచి చూడగా వీడియో_టీఎస్ అను ఫోల్డరులో వీఓబీ ఫైళ్లు వరుసగా గానవచ్చును. ఒక్కొక్కటి సుమారొక గిగాబైటుకు మించదు; చిత్రము పెద్దదైనచో పలు ఫైళ్లుగా తెగియుండును. వానినన్నిటిని ముందుగా నకలు చేసికొని, అటు తరువాతనే హ్యాండ్‌బ్రేక్ వంటి ప్రోగ్రాముతో ఎంపీ4గా మార్చవలెను. హ్యాండ్‌బ్రేక్ తనంతట తాను తాళములు తీయదు; ఇచ్చట తీయుటకు తాళమే లేదు. డీవీడీలోని ఎంపెగ్-2ను ఎచ్.264గా మార్చినపుడు పరిమాణము మిగుల తగ్గును గాని, బొమ్మలో గొంత నాణ్యత పోవును. అందుచేత మూలపు వీఓబీలను పారవేయరాదు. కదలు మనుష్యుల యంచున దువ్వెనపండ్లవలె గీతలు కనబడినచో, డీఇంటర్‌లేస్ అను దానిని ఎంచుకొనవలెను.

ఇంత సులువైన పని సంవత్సరము క్రిందటనే కావలసినది. రాతడిస్కులలో సమాచారము ఒక రంగుపూతమీద నిలుచును. ఎండయు వేడియు దానిని చెరచును. నిజామాబాదు వేసవిలో కిటికీ గూటి సంగతి చెప్పనేల? ఆ డిస్కు బయటి యంచు వెలసిపోయియుండెను. డీవీడీ లోపలినుండి బయటికి వ్రాయబడును గావున పెండ్లి మొదలు బాగుగనే వచ్చెను. చివర నున్న అప్పగింతలు మాత్రము మొరాయించెను. మెత్తని గుడ్డతో నడుమనుండి యంచువైపునకు తుడిచి, మరియొక డ్రైవులో పెట్టి, మరల మరల చదివించితిని. రెండు దినములు పట్టెను.

ఆ అప్పగింతలలో వాని తాత మాటలాడెను. ఆయన శక్కర్‌నగరులోని నిజాం చక్కెర కర్మాగారమున పనిచేసినవాడు. 2015లో కర్మాగారము మూతపడెను. తరువాత కొంతకాలమునకు ఆయనయు గతించెను. ఆయన కంఠస్వరము వారి యింట మరియే చోటను లేదు. మాకు దక్కినది నాలుగు నిమిషములు. కూతురి చేయి పట్టుకొని "బిడ్డా, నీ యింటికి నీవు పోతున్నవు" అని యేదో చెప్పబోవుచుండగా బొమ్మ నిలిచిపోవును.

ఆ నాలుగు నిమిషములను వాని తండ్రి రెండు పెన్‌డ్రైవులలోను, ఒక హార్డు డిస్కులోను పెట్టించుకొని పోయెను. సినిమా డీవీడీని మాత్రము నాబల్లమీదనే మరచిపోయినారు.