చెప్పుకోలేని బరువు
రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్ గురించి సోదరీలకు కొన్ని మాటలు

స్త్రీల సమాజం కూడిక ముగిసింది. అందరూ వెళ్లిపోయినా ఒక సోదరి మాత్రం చాప మడుస్తూ ఆగిపోయింది. ప్రార్థన చేయమంటుందేమో అనుకున్నాను.

"మెడనొప్పి అక్కా, రెండేండ్ల సంది. గోలీలు మింగీ మింగీ యాష్టకచ్చింది" అన్నది.

మా హుస్నాబాద్ ప్రాంతంలో బీడీలు చేసే ఆడవారికి మెడనొప్పి కొత్త కాదు. పొద్దంతా చేట ఒళ్లో పెట్టుకొని వంగి కూర్చుంటారు. ఆ మాటే అన్నాను. ఆమె అటూ ఇటూ చూసి, రవిక భుజం మీద కొద్దిగా జరిపింది. బాడీ పట్టీ ఒరుసుకొని లోతుగా గాడి పడి ఉంది. "వీటి బరువే అక్కా. మా ఆయనకు గూడ చెప్పలే" అన్నది.

సోదరీలారా, ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు, ఎవరి తప్పూ కాదు. కొందరికి ఈడు వచ్చినప్పుడే రొమ్ములు అతిగా పెరుగుతాయి. కొందరికి కాన్పుల తరువాత, మరికొందరికి ఒళ్లు వచ్చినప్పుడు పెరుగుతాయి. ఆ బరువుకు మెడ, భుజాలు, నడుము నొప్పి పెడతాయి. ఎండాకాలం రొమ్ముల కింద చెమట నిలిచి చర్మం ఒరుసుకుపోతుంది, పుండ్లు పడతాయి. కొందరికి చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి.

సిగ్గుచేత ప్రాణాలే పోయిన కాలం ఒకటుంది. తమిళదేశంలోని తిండివనంలో ఒక మిషనరీ డాక్టరు కుమార్తె ఐడా స్కడర్. కాన్పు కష్టమైన ముగ్గురు స్త్రీల కోసం ఒకే రాత్రి మూడు ఇండ్లవారు ఆమె దగ్గరికి వచ్చారు. మగ డాక్టరుకు మాత్రం చూపించమన్నారు. ముగ్గురూ చనిపోయారు. ఆ తరువాతే ఆమె వైద్యం చదివి, 1900లో వేలూరులో వైద్యం మొదలుపెట్టింది. మన వాళ్లు రైలెక్కి వెళ్లే వేలూరు ఆసుపత్రి అదే. ఇప్పుడు లేడీ డాక్టర్లకు కొదువ లేదు గాని, మన నోరు మాత్రం ఇంకా తెరుచుకోలేదు.

ఇది అందం కోసం పట్నం వాళ్లు చేయించుకునే ఆపరేషన్ అని కొందరంటారు. రుమేనియా దేశపు టెన్నిస్ క్రీడాకారిణి సిమోనా హాలెప్ 2009లో, పదిహేడేండ్ల వయసులో, ఆట ఆడలేకపోతున్నానని ఈ ఆపరేషన్ చేయించుకున్నది. 2019లో వింబుల్డన్ గెలిచింది. ఆమెకు రాకెట్ ఎలాగో మన వాళ్లకు కొడవలి, బీడీల చేట అలాగే.

అయితే అందరూ వెంటనే ఆపరేషన్‌కు పరుగెత్తనక్కర లేదు. ఒళ్లు ఎక్కువగా ఉన్నవారు ముందు బరువు తగ్గాలి. వెడల్పు పట్టీల బాడీ, సరిగ్గా సరిపోయేది వేసుకుంటేనే కొందరికి సగం నొప్పి పోతుంది. ఎదిగే ఆడపిల్లలకు సాధారణంగా ఎదుగుదల ఆగేదాకా చూస్తారు. ఒకే పక్క పెరిగినా, గడ్డ తగిలినా, చనుమొన నుండి రక్తం వచ్చినా ముందుగా క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాలి.

హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ఆ పేరు విని లోపల ప్లాస్టిక్ పెడతారని భయపడవద్దు. రూపం దిద్దడమనే అర్థమున్న గ్రీకు మాట అది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆరోగ్యమిత్రను ముందే అడగండి. రక్తం తక్కువగా ఉన్నదా, షుగరు, బీపీ ఉన్నవా అని పరీక్షలు చేస్తారు. నలభై దాటినవారికి రొమ్ము ఎక్స్‌రే కూడా తీయిస్తారు. పొగాకు నమిలే అలవాటుంటే కొన్ని వారాల ముందే మానాలి. మానకుంటే గాయం మానదు.

పూర్తి మత్తు ఇచ్చి రెండు నుండి నాలుగు గంటలు చేస్తారు. అదనంగా ఉన్న కొవ్వు, గ్రంథి, చర్మం తీసి, చనుమొనను పైకి జరిపి కుట్టివేస్తారు. కొందరికి ఒక్కో పక్క అర కిలో, అంతకన్నా ఎక్కువ కూడా తీయవలసి వస్తుంది. తీసినదాన్ని పరీక్షకు పంపుతారు. గాయంలో ఊరే నీరు పోవడానికి సన్నని గొట్టాలు పెడితే ఒకటి రెండు రోజుల్లో తీసేస్తారు. ఎక్కువమంది రెండు మూడు రోజుల్లో ఇంటికి వస్తారు.

అసలు కష్టం ఇంట్లోనే. సుమారు ఆరు వారాలు నీళ్ల బిందె ఎత్తకూడదు, చంటిబిడ్డను చంకనెత్తుకోకూడదు, గడ్డిమోపు సంగతి చెప్పనే అక్కరలేదు. మొదటి రోజుల్లో తల దువ్వడానికి కూడా ఒకరు కావాలి. అందుకే నాట్ల రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో పెట్టుకోవద్దు. డాక్టరు చెప్పిన బిగువు బాడీ రాత్రింబవళ్లు వేసుకోవాలి. కుట్ల మీద పసుపు, ఆకుపసరు పెట్టనివ్వకండి, పెట్టేది అత్తగారైనా సరే. జ్వరం వచ్చినా, చీము కారినా, ఒక పక్క హఠాత్తుగా వాచి బిగిసినా, చనుమొన నల్లబడినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మచ్చలు ఉంటాయి. చనుమొన చుట్టూ, అక్కడినుండి కిందికి, రొమ్ము అడుగున. ఏడాది దాటితే చాలావరకు పలచబడతాయి, కాని పూర్తిగా పోవు. మనవంటి చామనచాయ వారికి కొందరిలో ఉబ్బెత్తుగా లేస్తాయి. చనుమొన దగ్గర స్పర్శ తగ్గవచ్చు. రెండు పక్కలా అచ్చు ఒకేలా ఉండకపోవచ్చు. తల్లిపాలు తగ్గిపోవచ్చు, కొందరికి అసలే రాకపోవచ్చు. ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఈ మాట డాక్టరుతో విడమరచి మాట్లాడుకోవాలి. తరువాత గర్భం వచ్చినా, ఒళ్లు పెరిగినా రొమ్ములు మళ్లీ పెరిగే అవకాశం ఉంది. ఇవన్నీ తెలిసి చేయించుకున్నవారిలో ఎక్కువమంది మెడ, వీపు తేలికపడ్డాయనే చెబుతారు.

ఆ సోదరి తరువాతి నెల భర్తను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆయన చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. "ఇన్నొద్దులు నాకెందుకు చెప్పలే?" అని ఆమెనే అడిగాడు. వాళ్లకు ఇంకో బిడ్డ కావాలని ఉంది. కాబట్టి ఆపరేషన్ ఇప్పుడా, ఆ తరువాతనా అన్నది ఇంకా తేలలేదు. ముందైతే డాక్టరుకు చూపిద్దామని ఒప్పుకున్నారు.

లేచి వెళ్తూ ఆయన గడప దగ్గర ఆగాడు. "ఆరు వారాలంటే నీళ్లు నేనే తెస్తనక్కా. బీడీలు చేసుడు మాత్రం నాతోని కాదు" అన్నాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.