ఒక్క పాయింట్ తేడా, రెండు లీగ్‌లు

ఇంగ్లండ్ 2021-22 ఫుట్‌బాల్ సీజన్ అనగానే మన హాస్టల్లో ఎవరైనా ముందు చెప్పేది 2022 మే 22 గురించే. మాంచెస్టర్ సిటీ రెండు గోల్స్ వెనకబడి, ఆరు నిమిషాల లోపే మూడు కొట్టి, లివర్‌పూల్‌కి ప్రీమియర్ లీగ్ దక్కకుండా చేసిన రాత్రి అది. నిజమే, మర్చిపోయే మ్యాచ్ కాదు. కానీ దానికి సరిగ్గా రెండు వారాల ముందు, మే 8న, అదే దేశంలో దాదాపు అదే కథ ఒకసారి జరిగిపోయింది. అది మాత్రం మనలో చాలామందికి తెలీదు. ఎందుకంటే అది విమెన్స్ లీగ్.

ఆ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం అనేదే ఈ వ్యాసం. ఒకే దేశం, ఒకే సీజన్, చాలావరకు ఒకే క్లబ్బుల పేర్లు. ఏది సేమ్, ఏది తేడా, ఆ తేడా ఎక్కడినుంచి వచ్చింది అన్నది చూస్తే, "విమెన్స్ మ్యాచ్‌లు ఎవరు చూస్తారు బ్రో" అనే మాటకి జవాబు దానంతటదే దొరుకుతుంది.

ముందు రూల్స్

ఐపీఎల్‌కి అలవాటుపడ్డ వాళ్ళకి ఒక విషయం చెప్పాలి. ఇంగ్లండ్ టాప్ లీగ్‌లో ప్లేఆఫ్స్ ఉండవు, ఫైనల్ ఉండదు. ప్రతి టీమ్ మిగతా అన్ని టీమ్‌లతో రెండేసి సార్లు ఆడుతుంది. ఒకసారి సొంత గ్రౌండ్‌లో, ఒకసారి అవతలి వాళ్ళ గ్రౌండ్‌లో. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే సున్నా. అన్నీ అయ్యాక టేబుల్‌లో పైన ఎవరుంటే వాళ్ళే ఛాంపియన్. అడుగున ఉన్నవాళ్ళు కింది లీగ్‌కి పడిపోతారు, కింది లీగ్‌లో గెలిచినవాళ్ళు పైకి వస్తారు.

మెన్స్ ప్రీమియర్ లీగ్‌లో 20 టీమ్‌లు, కాబట్టి ఒక్కో టీమ్‌కి 38 మ్యాచ్‌లు. విమెన్స్ సూపర్ లీగ్‌లో ఆ సీజన్‌కి 12 టీమ్‌లు, 22 మ్యాచ్‌లు. ఇవి కాక ఎఫ్‌ఏ కప్ అని వేరే నాకౌట్ టోర్నమెంట్ ఉంటుంది. అది మగవాళ్ళకీ ఉంది, ఆడవాళ్ళకీ ఉంది. దానికి ఫైనల్ ఉంటుంది, అది లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరుగుతుంది. ఈ కప్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

రెండు ఆఖరి రోజులు

విమెన్స్ లీగ్‌లో సీజన్ అంతా చెల్సీ, ఆర్సెనల్ మధ్యే నడిచింది. మొదటి రౌండ్‌లోనే ఆర్సెనల్ 3-2తో చెల్సీని ఓడించింది. ఆఖరి రోజు పొద్దున్నకి లెక్క ఇది: చెల్సీ 53, ఆర్సెనల్ 52. చెల్సీకి సొంత గ్రౌండ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్. హాఫ్ టైమ్‌కి చెల్సీ 1-2తో వెనకబడి ఉంది. ఆర్సెనల్ గెలిచి, చెల్సీ ఇలాగే ఆగిపోతే టైటిల్ చేజారినట్టే.

సెకండాఫ్ మొదలవగానే ఆస్ట్రేలియా స్ట్రైకర్ శామ్ కెర్ సమం చేసింది. 51వ నిమిషంలో గురో రైటెన్ మూడో గోల్ కొట్టింది. 66వ నిమిషంలో కెర్ బంతిని ఛాతీతో ఆపి, అది నేలని తాకకముందే దూరం నుంచి కీపర్ తల మీదుగా లోపలికి పంపింది. 4-2. అటు ఆర్సెనల్ కూడా 2-0తో వెస్ట్ హామ్ మీద గెలిచింది. కానీ లాభం లేదు. చెల్సీ 56, ఆర్సెనల్ 55. చెల్సీకి వరసగా మూడో టైటిల్. కెర్ 20 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్.

ఇప్పుడు మే 22. సిటీ 90, లివర్‌పూల్ 89. జనవరి మధ్యలో లివర్‌పూల్ రెండు మ్యాచ్‌లు తక్కువ ఆడి 14 పాయింట్లు వెనక ఉంది. అక్కడినుంచి ఒక్క పాయింట్ దాకా వచ్చేసింది. సిటీకి సొంత గ్రౌండ్‌లో ఆస్టన్ విల్లాతో మ్యాచ్. విల్లా మేనేజర్ ఎవరో కాదు, లివర్‌పూల్ పాత కెప్టెన్ స్టీవెన్ జెరార్డ్. సినిమాలో పెడితే ఓవర్ అనేవాళ్ళం. 69వ నిమిషానికి విల్లా 2-0. ఆ గోల్ కొట్టిన కుటీన్యో కూడా లివర్‌పూల్ పాత ఆటగాడే.

ఆ తర్వాత 76లో గుండోవాన్, 78లో రోద్రి, 81లో మళ్ళీ గుండోవాన్. సిటీ 3-2. లివర్‌పూల్ తన మ్యాచ్ 3-1తో గెలిచింది, అదీ లాభం లేదు. సిటీ 93, లివర్‌పూల్ 92.

రెండూ ఒకసారి పోల్చి చూడండి. రెండింట్లోనూ ఆఖరి రోజుకి తేడా ఒక్క పాయింట్. రెండింట్లోనూ పైనున్న టీమ్ సొంత గ్రౌండ్‌లో వెనకబడి లేచింది. రెండింట్లోనూ రెండో టీమ్ తన పని తాను చేసింది. రెండింట్లోనూ ఆఖరికి తేడా మళ్ళీ ఒక్క పాయింటే. టెన్షన్, స్కిల్, డ్రామా... వీటిలో ఏ కాలమ్‌లోనూ ఒక లీగ్ ఇంకోదానికి తక్కువ కాదు.

మరి తేడా ఎక్కడుంది?

72 రెట్లు

సిటీ మ్యాచ్ జరిగిన ఎతిహాద్ స్టేడియంలో 50 వేల మందికి పైగా పడతారు. చెల్సీ అమ్మాయిలు టైటిల్ గెలిచిన కింగ్స్‌మెడో గ్రౌండ్‌లో 5 వేల లోపే. టీవీ డబ్బుల సంగతి చూస్తే, ఆ సీజన్ నుంచే స్కై, బీబీసీలతో విమెన్స్ లీగ్‌కి కొత్త ఒప్పందం మొదలైంది. ఏడాదికి సుమారు 80 లక్షల పౌండ్లు. అప్పటికి అది రికార్డు, అందరూ చప్పట్లు కొట్టారు. ప్రీమియర్ లీగ్‌కి ఒక్క బ్రిటన్ టీవీ హక్కుల మీదే ఏడాదికి 100 కోట్ల పౌండ్లు దాటి వస్తాయి.

"అది ప్రైవేట్ మార్కెట్, చూసేవాళ్ళని బట్టి డబ్బు" అంటారా? సరే, మార్కెట్ పక్కన పెడదాం. ఎఫ్‌ఏ కప్ చూద్దాం. దాన్ని నడిపేది ఫుట్‌బాల్ అసోసియేషన్, అంటే ఇంగ్లండ్‌లో ఆట మొత్తానికీ పెద్ద దిక్కు. మగవాళ్ళ కప్, ఆడవాళ్ళ కప్ రెండూ దానివే. 2022 మే 14న వెంబ్లీలో మెన్స్ ఫైనల్, మర్నాడు అక్కడే విమెన్స్ ఫైనల్. రెండింట్లోనూ చెల్సీ ఉంది. అబ్బాయిలు లివర్‌పూల్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు. అమ్మాయిలు మాంచెస్టర్ సిటీని ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-2తో ఓడించారు, మళ్ళీ కెరే గెలిపించింది. మెన్స్ విన్నర్‌కి ప్రైజ్ మనీ 18 లక్షల పౌండ్లు. విమెన్స్ విన్నర్‌కి 25 వేల పౌండ్లు. భాగిస్తే 72 రెట్లు.

ఇంకో అంకె కూడా చూడండి. ఆ విమెన్స్ ఫైనల్‌కి వచ్చిన జనం 49,094. సరిగ్గా వారం ముందు ఇదే టీమ్ ఆడిన గ్రౌండ్‌లో 5 వేల మందికి కూడా చోటు లేదు. వారంలో చెల్సీకి అభిమానులు పది రెట్లు పెరగలేదు కదా. కప్ ఫైనల్‌కి క్రేజ్ ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ చెంబుతో ముంచి చూసి చెరువులో చెంబెడు నీళ్ళే ఉన్నాయంటే ఎలా?

50 ఏళ్ళ పాజ్

ఇక అసలు విషయం. ఆడవాళ్ళ ఫుట్‌బాల్ ఈమధ్య మొదలైంది కాబట్టి చిన్నగా ఉంది అని చాలామంది అనుకుంటారు. కాదు. మొదటి ప్రపంచ యుద్ధం టైములో మగవాళ్ళు యుద్ధానికి వెళ్తే ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు పనికి చేరారు, అక్కడే టీమ్‌లు కట్టారు. ప్రెస్టన్ ఊళ్ళోని డిక్ కెర్ ఫ్యాక్టరీ టీమ్ వాటిలో చాలా ఫేమస్. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్ నగరంలోని గుడిసన్ పార్క్‌లో వాళ్ళ మ్యాచ్ చూడ్డానికి సుమారు 53 వేల మంది వచ్చారు. అప్పటికి టీవీ లేదు. వచ్చిన డబ్బు చారిటీకి వెళ్ళేది.

ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబర్ 5న, ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒక తీర్మానం చేసింది. ఈ ఆట ఆడవాళ్ళకి తగదు, చారిటీ డబ్బు లెక్కల మీద కూడా అనుమానాలున్నాయి, కాబట్టి మన క్లబ్బులేవీ వాళ్ళ మ్యాచ్‌లకి గ్రౌండ్ ఇవ్వకూడదు అని. గమనించండి, ఆడొద్దు అనలేదు. గ్రౌండ్ ఇవ్వొద్దు అన్నారు, అంతే. గ్రౌండ్ లేకపోతే టికెట్ లేదు, టికెట్ లేకపోతే డబ్బు లేదు, డబ్బు లేకపోతే కోచ్ లేడు, లీగ్ లేదు. ఆడవాళ్ళు పార్కుల్లో ఆడుకున్నారు. ఈ నిషేధం ఎత్తేసేసరికి 1970ల మొదలు వచ్చేసింది. దాదాపు 50 ఏళ్ళు.

ఆ 50 ఏళ్ళలో మగవాళ్ళ ఆటకి ఏమేం వచ్చాయో చూడండి. 1923లో వెంబ్లీ స్టేడియం తెరిచారు. 1964లో బీబీసీలో మ్యాచ్ ఆఫ్ ది డే మొదలైంది. 1966లో సొంత గడ్డ మీద వరల్డ్ కప్ గెలిచారు. తాత నుంచి నాన్నకి, నాన్న నుంచి కొడుక్కి క్లబ్ అభిమానం ఆస్తిలాగా వచ్చింది. విమెన్స్ సూపర్ లీగ్ మొదలైంది 2011లో. పూర్తిగా ప్రొఫెషనల్ అయింది 2018లో.

మన భాషలో చెప్పాలంటే, రెండు ప్రాసెస్‌లు నడుస్తున్నాయి. ఒకదాన్ని సగం దారిలో సస్పెండ్ చేసి, 50 ఏళ్ళ తర్వాత మళ్ళీ రన్ చేసి, రెండింటి అవుట్‌పుట్ పక్కపక్కన పెట్టి "చూశావా, ఇది స్లో" అంటున్నాం. లాగ్ చూడకుండా.

2021-22లో ఆ లాగ్ చూడాల్సిన రోజు కూడా ఒకటొచ్చింది. కరోనా వల్ల ముందు సీజన్ విమెన్స్ ఎఫ్‌ఏ కప్ ఫైనల్ వాయిదా పడి, 2021 డిసెంబర్ 5న వెంబ్లీలో జరిగింది. నిషేధానికి సరిగ్గా 100 ఏళ్ళు నిండిన రోజు. చెల్సీ 3-0తో ఆర్సెనల్‌ని ఓడించింది. చూసినవాళ్ళు 40 వేల పైమాటే.

ఒకే గొడుగు

ఇప్పుడు టాప్ విమెన్స్ టీమ్‌లు చాలావరకు పెద్ద మెన్స్ క్లబ్బుల గొడుగు కిందే ఉన్నాయి. దానివల్ల ట్రైనింగ్ సెంటర్, డాక్టర్లు, జీతాలు వచ్చాయి. మంచిదే. కానీ గొడుగు ఇంకొకరి చేతిలో ఉంటే ఏమవుతుందో కూడా ఈ సీజన్‌లోనే కనిపించింది.

2022 మార్చి 10న, ఉక్రెయిన్ యుద్ధం వల్ల బ్రిటన్ ప్రభుత్వం చెల్సీ ఓనర్ అబ్రమోవిచ్ మీద ఆంక్షలు పెట్టింది. క్లబ్ స్పెషల్ లైసెన్స్ మీద నడిచింది. కొత్త కాంట్రాక్టులు బంద్. ఆ దెబ్బ మెన్స్ టీమ్‌తో పాటు విమెన్స్ టీమ్‌కీ తగిలింది. మే నెలాఖరులో క్లబ్ కొత్త ఓనర్ల చేతికి వెళ్ళాకే ఊపిరి తీసుకున్నారు. అంటే మే 8 మ్యాచ్, మే 15 ఫైనల్ రెండూ ఈ గందరగోళం మధ్యలోనే గెలిచారన్నమాట.

లివర్‌పూల్‌ది ఇంకో కథ. 2020 జూన్‌లో మెన్స్ టీమ్ 30 ఏళ్ళ తర్వాత లీగ్ గెలిచింది. అదే నెలలో విమెన్స్ టీమ్ కింది లీగ్‌కి పడిపోయింది. క్లబ్ ఒకటే, జెర్సీ ఒకటే. 2021-22లో వాళ్ళు రెండో లీగ్ గెలిచి మళ్ళీ పైకి వచ్చారు.

గొడుగు లేకపోతే? ఆ రెండో లీగ్‌లోనే కోవెంట్రీ యునైటెడ్ అనే టీమ్ ఉంది. 2021 క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు ప్లేయర్లకి చెప్పారు, క్లబ్ మూతపడుతోంది, కాంట్రాక్టులు అయిపోయాయని. జనవరి మొదట్లో కొత్త ఓనర్ దొరికి బతికింది కానీ 10 పాయింట్లు కోత పడింది. ఆఖరి రోజు వాట్‌ఫర్డ్‌తో మ్యాచ్, గెలవకపోతే కిందికి. 97వ నిమిషంలో మాలీ గ్రీన్ ఫ్రీ కిక్ గోల్‌లోకి వెళ్ళింది. కోవెంట్రీ నిలబడింది, వాట్‌ఫర్డ్ పడిపోయింది. అదే సీజన్‌లో అప్పుల్లో మునిగి 21 పాయింట్లు కోత పడ్డ డార్బీ కౌంటీ మెన్స్ టీమ్ గురించి డాక్యుమెంటరీ తీసినంత చర్చ జరిగింది. ఈ ఫ్రీ కిక్ గురించి ఎంతమందికి తెలుసు?

తర్వాత ఏమైంది

ఆ వేసవిలోనే ఇంగ్లండ్‌లో విమెన్స్ యూరో కప్ జరిగింది. జూలై 31న వెంబ్లీలో ఫైనల్, ఇంగ్లండ్ 2, జర్మనీ 1. ఎక్స్‌ట్రా టైమ్‌లో క్లోయీ కెల్లీ కొట్టిన గోల్‌తో. వచ్చిన జనం 87,192. మగవాళ్ళదైనా ఆడవాళ్ళదైనా, అప్పటిదాకా ఏ యూరో మ్యాచ్‌కీ అంతమంది రాలేదు. సెప్టెంబర్‌లో ఆర్సెనల్ తమ లీగ్ మ్యాచ్‌ని పెద్ద స్టేడియం ఎమిరేట్స్‌లో పెడితే 47,367 మంది వచ్చారు. విమెన్స్ ఎఫ్‌ఏ కప్ మొత్తం ప్రైజ్ ఫండ్‌ని తర్వాతి సీజన్ నుంచి 30 లక్షల పౌండ్లకి పెంచారు. విన్నర్‌కి 25 వేలు కాస్తా లక్ష అయింది. 72 రెట్ల తేడా ఇంకా పోలేదు, కానీ 20 రెట్ల దగ్గరికి వచ్చింది. గేటు తెరిస్తే జనం వచ్చారు, 1920లో వచ్చినట్టే.

కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి ఎవరైనా "వాళ్ళ మ్యాచ్‌లు ఎవరు చూస్తారు" అంటే వాదించక్కర్లేదు. ముందు మే 8 హైలైట్స్ పెట్టండి, తర్వాత మే 22వి. కెర్ రెండో గోల్ దగ్గర ఒక్కసారి పాజ్ చేసి, వెనక స్టాండ్ ఎంత చిన్నదో చూపించండి.