ఊరుంది... పేరుంది... ఇల్లే లేదు!

సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ ప్రపంచంలో పాతకాపుల్ని ఇంటిపేరు చూసి గుర్తుపట్టవచ్చు. 2010 వరకూ అందులో ఖాతా తెరిచినవాళ్లు మొదటి పేరు తమకు నచ్చింది పెట్టుకుని, ఇంటిపేరు మాత్రం కంపెనీ ఇచ్చిన జాబితాలోంచి ఏరుకునేవాళ్లు. ఆ తర్వాత చేరినవాళ్లందరికీ ఒకటే ఇంటిపేరు: రెసిడెంట్. 2020లో పాత పద్ధతిని మళ్లీ తెచ్చారు కానీ, ఇప్పుడు దానికి డబ్బు కట్టాలి. అందుకే ఏ పాటకచేరీలోనో పక్కన నిలబడ్డ అవతార్ తలపైన పాతకాలపు ఇంటిపేరు కనిపిస్తే, ఈయన మొదటి తరం మనిషేమో అనుకుంటారు. ఆ అవతారే ఒంటికి పెయింటు వేసినట్టున్న చొక్కాతో, గాలికి కదలని జుట్టుతో, ఏ మీట ఎక్కడుందో తెలియక గోడకు గుద్దుకుంటూ ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. చాలా ఏళ్లకు తిరిగొచ్చిన మనిషి!

ఇలా వచ్చేవాళ్లు తక్కువేం కాదు. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్న ఎంతోమంది పాత పాస్‌వర్డులు వెతుక్కుని మరీ వచ్చారు. అసలు అందరికంటే ఎక్కువసార్లు వెళ్లి వచ్చింది ఆ ప్రపంచాన్ని కట్టిన ఫిలిప్ రోజ్‌డేలే. 2008లో సీఈఓ పదవి వదిలేశారు. 2010లో కొన్ని నెలలు మళ్లీ ఆ కుర్చీలో కూర్చున్నారు. బయటికెళ్లి హై ఫిడెలిటీ అని ఇంకో కంపెనీ పెట్టారు. 2022లో సలహాదారుగా వచ్చారు. 2024లో చీఫ్ టెక్నాలజీ ఆఫీసరుగా పూర్తిగా వెనక్కి వచ్చేశారు. కట్టినవాడికే కాలు నిలవక పోయి, మనసు ఊరుకోక వచ్చాడంటే, మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది!

గెలుపు లేదు, ఓటమి లేదు

తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని లిండెన్ ల్యాబ్ 2003 జూన్ 23న సెకండ్ లైఫ్‌ను జనానికి తెరిచింది. చూడటానికి వీడియో గేమ్‌లాగే ఉంటుంది. కానీ చంపాల్సిన రాక్షసుడు లేడు, దాటాల్సిన లెవెల్ లేదు, స్కోరు లేదు. కంపెనీ ఇచ్చింది ఖాళీ నేల. 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరపు ముక్కలు. ఒక్కో ముక్కను రీజియన్ అంటారు. దాని మీద ఇళ్లు, ఓడలు, గుళ్లు, డ్యాన్స్ క్లబ్బులు, చెట్లు, చెప్పులు... అన్నీ అక్కడ తిరిగే జనమే చేసుకున్నారు. ప్రిమ్ అనే దిమ్మలను సాగదీసి, మెలితిప్పి, ఒకదానికొకటి అతికించి. వాటికి కదలిక రావాలంటే ప్రోగ్రాం రాసుకోవాలి. లోపల చెలామణీ అయ్యేది లిండెన్ డాలర్. ఒక అమెరికా డాలరుకు చాలాకాలం సుమారు 250 వచ్చేవి.

మొదటి ఏడాదిలోనే అక్కడ తిరుగుబాటు జరిగింది. ఎంత కడితే అంత పన్ను వేసేది కంపెనీ. అంటే బాగా కట్టినవాడికే ఎక్కువ వాత. దాంతో అమెరికానా అనే పేటను కడుతున్న రెసిడెంట్లు కోపమొచ్చి, పన్నుల మీద అమెరికన్లు చేసిన తిరుగుబాటు బోస్టన్ టీ పార్టీని తలపించేలా పెద్ద పెద్ద టీ పెట్టెలను వీధుల్లో గుట్టలు పోశారు. కంపెనీ దిగొచ్చింది. ఆ ఏడాది చివర్లో పన్ను పోయి, నేల కొనుక్కుని నెలనెలా రుసుము కట్టే పద్ధతి వచ్చింది. అంతకంటే ముఖ్యం, నవంబరులో ఒక ప్రకటన వచ్చింది: లోపల ఎవరు చేసిన వస్తువు మీద మేధోహక్కు వాళ్లదే. న్యాయశాస్త్ర ఆచార్యుడు లారెన్స్ లెస్సిగ్ సలహా కూడా ఇందులో ఉంది. ఆ రోజుల్లో ఆన్‌లైన్ ఆటల కంపెనీలు ఆటలో పుట్టిందల్లా మాదేనని ఒప్పందాల్లో రాయించుకునేవి. సెకండ్ లైఫ్ ఇరవై ఏళ్లు దాటి బతికుండటానికి నేనైతే ఈ ఒక్క నిర్ణయానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

2006, 2007 సంవత్సరాల్లో దానికి పూనకం వచ్చింది. లోపల నేల కొని అమ్మే ఆన్షీ చంగ్ అనే అవతార్ 2006 మేలో బిజినెస్‌వీక్ ముఖచిత్రం మీదికెక్కింది. రాయిటర్స్ అక్కడ విలేకరిని పెట్టింది. అమెరికన్ అపారెల్ బట్టల దుకాణం తెరిచింది. ఐబీఎం, టయోటా వరసలో నిలబడ్డాయి. 2007 మేలో మాల్దీవులు, ఆ వెంటనే స్వీడన్ రాయబార కార్యాలయాలు ప్రారంభించాయి. స్వీడన్ దానికైతే ఆ దేశ విదేశాంగ మంత్రి కార్ల్ బిల్ట్ స్వయంగా రిబ్బన్ కత్తిరించారు. (వీసాలు మాత్రం ఇవ్వలేదు.) 2009 మొదట్లో ఒకేసారి 88 వేల మందికి పైగా లోపల ఉన్నారు.

మనవాళ్లు అప్పుడెక్కడున్నారు? 2004 నాటి కేంద్ర ప్రభుత్వ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. ఆ వేగంతో సెకండ్ లైఫ్‌లోకి వెళ్తే ఎదుటి మనిషి కాసేపు బూడిదరంగు ముద్దలా కనిపించేవాడు. గ్రాఫిక్స్ కార్డు లేని ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్లలో అదీ ఉండేది కాదు. పైగా అక్కడి గడియారం కాలిఫోర్నియా టైముతో నడుస్తుంది. వాళ్ల రాత్రి ఎనిమిది గంటల సందడి మనకు మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. ఆఫీసుకు బయల్దేరే వేళ. అందుకే బే ఏరియాలో ఉన్న తెలుగువాళ్లకు అందినంత తేలిగ్గా అది బెజవాడకో వరంగల్‌కో అందలేదు. ఇక్కడి కుర్రకారు ఆర్కుట్‌లో టెస్టిమోనియల్స్ రాసుకుంటూ గడిపేసింది. ఆ ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతబడింది. తిరిగి వెళ్దామన్నా వెళ్లే చోటు లేదు.

లాస్ట్ అండ్ ఫౌండ్

సెకండ్ లైఫ్‌కు తిరిగెళ్లినవాడి పరిస్థితి వేరు. చోటు ఉంది. ముందు పాత సాఫ్ట్‌వేర్ పనికిరాదు, కొత్త వ్యూయర్ దించుకోవాలి. అది తెరిచాక తను చివరిసారి నిలబడిన రీజియన్ ఇప్పుడు లేకపోతే, కంపెనీ ఇంకెక్కడో దింపుతుంది. కొన్ని క్షణాలు అవతార్ ఒక పొగమేఘంలా కనిపిస్తుంది. పొగ విడిపోయాక చూస్తే, పాత మనిషే! కానీ చుట్టూ ఉన్నవాళ్లు వేరే జాతివాళ్లలా ఉంటారు. 2011లో మెష్ అనే పద్ధతి వచ్చింది. బయటి సాఫ్ట్‌వేర్లలో మలిచిన ఒళ్లు, తలలు, బట్టలు తెచ్చి తొడుక్కోవచ్చు. ఒళ్లు ఒక దుకాణంలో, తల ఇంకో దుకాణంలో, చర్మం మరోచోట కొనాలి. ప్రిమ్‌లతో రాత్రంతా కూర్చుని కుర్చీ చేసినవాడికి ఇది నచ్చదు. చేయడం తగ్గింది, కొనడం పెరిగింది అని సణుగుతాడు. ఆ సణుగుడులో న్యాయముంది. కానీ 2019లో వచ్చిన ఒక మార్పు వల్ల పాత పెయింటు చొక్కాలను కొత్త మెష్ ఒంటి మీద కూడా వేసుకోవచ్చు. పాతవాళ్లను కంపెనీ పూర్తిగా మరిచిపోలేదనడానికి అదొక ఆనవాలు.

ఇంతకీ ఇల్లు? నెలసరి రుసుము ఆగిపోతే నేల చేతులు మారుతుంది. కొత్త యజమాని కూల్చడు. అంతకంటే మర్యాదైన ఏర్పాటు ఒకటుంది. పరాయి నేలమీది వస్తువుల్ని 'రిటర్న్' చేస్తే అవి వాటి సొంతదారు సామాన్ల జాబితాకు చేరిపోతాయి. అందుకే చాలాకాలానికి వచ్చినవాడు తన ఇన్వెంటరీ తెరిచి చూస్తే 'లాస్ట్ అండ్ ఫౌండ్' అనే ఫోల్డరు కనిపిస్తుంది. అద్దె ఇల్లు ఖాళీ చేయించి సామాను మూటగట్టి వాకిట్లో పెట్టినట్టు, గోడలు, కిటికీలు, మంచం, గోడమీది బొమ్మ, పెరట్లో పెట్టిన మొక్క... అన్నీ అందులో వరసగా ఉంటాయి. నేల మాత్రమే లేదు. చిరునామాల పుస్తకంలో దాచుకున్న చోట్లు నొక్కితే సగానికి సగం తెరుచుకోవు.

ఇవన్నీ తట్టుకోవచ్చు. తట్టుకోలేనిది స్నేహితుల జాబితా.

పేర్లన్నీ అలాగే ఉంటాయి. వెలిగేవి తక్కువ. ఒకప్పుడు రోజూ కలిసి ఇళ్లు కట్టిన మనిషి, ఇంగ్లిషు సరిగా రాకపోయినా నవ్వించిన బ్రెజిల్ మనిషి, ఎప్పుడూ గొంతు వినిపించని మనిషి. విసుగొచ్చి మానేశారా, పెళ్లయి పిల్లలతో తీరిక లేదా, కొత్త ఖాతాతో ఇదే ఊళ్లో వేరే వేషంలో తిరుగుతున్నారా, అసలు బతికే ఉన్నారా? ఆరిపోయిన పేరు ఏదీ చెప్పదు. మామూలు ఊళ్లో ఒకరు కనబడకపోతే పక్కింటివాళ్లను అడుగుతాం. ఇక్కడ పక్కింటాయన అసలు పేరే తెలియదు. మెసేజ్ పెట్టవచ్చు, కానీ ఆఫ్‌లైన్‌లో ఉన్నవాళ్ల పెట్టె కొన్ని మెసేజ్‌లతోనే నిండిపోతుంది. ఆ పైన పంపినవి వాళ్లకు చేరవు. కొందరి గురించి మాత్రం వేరే దారిన తెలుస్తుంది. ఎవరో పోయారని తెలిస్తే అక్కడ సంతాప సభ పెడతారు, తోటలో రాయి నిలబెడతారు. ఏటా అమెరికన్ క్యాన్సర్ సొసైటీ కోసం అవతార్లు ట్రాక్ మీద నడిచి విరాళాలు పోగుచేసే రిలే ఫర్ లైఫ్‌లో పోయినవాళ్ల పేరిట దీపాలు పెడతారు. చాలా ఏళ్లకు వచ్చినవాడు తన స్నేహితుడి పేరు ఆ దీపం మీద చదువుకోవాల్సి రావచ్చు.

'తెర మీద పరిచయాలేం పరిచయాలు' అని పెదవి విరిచేవాళ్లు మాట్స్ స్టీన్ సంగతి తెలుసుకోవాలి. నార్వే కుర్రాడు, కండరాలను క్షీణింపజేసే డుషేన్ వ్యాధితో 2014లో 25 ఏళ్లకు చనిపోయాడు. కొడుకు ఒంటరిగా వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడుకుంటూ గడిపేశాడని అమ్మానాన్నలు కుమిలిపోయారు. అతను నడిపిన బ్లాగు పాస్‌వర్డు ఉండటంతో తండ్రి అందులో మరణవార్త రాశాడు. అంతే, ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు! ఆటలో ఇబెలిన్ అనే పేరుతో అతను ఓదార్చినవాళ్లు, కలిసి తిరిగినవాళ్లు. కొందరు అంత్యక్రియలకు విమానమెక్కి వచ్చారు. 2024లో దాని మీద డాక్యుమెంటరీ కూడా వచ్చింది. తెర మీది పరిచయాలూ నిజమైనవేనన్న మాటను మానవశాస్త్రవేత్త టామ్ బెల్‌స్టార్ఫ్ ముందే పట్టుకున్నారు. ఇండొనేసియాలో క్షేత్ర పరిశోధన చేసిన ఆయన, 2004 నుంచి 2007 దాకా సెకండ్ లైఫ్‌లో ఇల్లు కట్టుకుని ఉండి, ఏ ద్వీపవాసుల్నో పరిశీలించినట్టే అక్కడి జనాన్ని పరిశీలించి 2008లో పుస్తకం వేశారు.

ఎవరు మిగిలారు?

అమెరికన్ అపారెల్ దుకాణం 2007లోనే మూసేసింది. రాయిటర్స్ విలేకరి వెళ్లిపోయారు. స్వీడన్ జెండా దిగింది. 2010 జూన్‌లో లిండెన్ ల్యాబ్ తన ఉద్యోగుల్లో 30 శాతం మందిని తీసేసింది. పత్రికలు సంతాప వార్తలు రాసేశాయి. కానీ 2013లో పదేళ్ల పండగ నాడు కంపెనీ లెక్క చెప్పింది: అప్పటిదాకా రెసిడెంట్ల మధ్య జరిగిన లావాదేవీల విలువ 320 కోట్ల డాలర్లు. పోయింది ప్రచారం కోసం వచ్చినవాళ్లు. వాళ్లు కట్టించిన మేడల్లో ఎవరూ ఎవరి కోసమూ ఎదురుచూడలేదు, కాబట్టి ఖాళీగా ఉండి ఖాళీగానే పోయాయి. కూర్చునే కుర్చీ తాము చేసుకున్నవాళ్లు ఉండిపోయారు.

ఈ తేడా తెలియకనే 2021 నుంచి ఇలాంటి ప్రపంచాలకే మెటావర్స్ అని పేరుపెట్టి హడావుడి మొత్తం నడిచింది. ఫేస్‌బుక్ కంపెనీ పేరే మెటాగా మారింది. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం తన స్పేస్‌టెక్ విధానాన్ని మెటావర్స్‌లో ఆవిష్కరించింది. అంతకు రెండు నెలల ముందు తమిళనాడులో ఒక జంట రిసెప్షన్ అందులో చేసుకుంది. వేడుకలుగా బాగానే ఉన్నాయి. కానీ మర్నాడు ఆ చోటికి మళ్లీ ఎవరు వెళ్తారు? వెళ్తే ఎవరుంటారు? ఈ ప్రశ్నకు జవాబు లేని మెటావర్స్‌ను ఎన్ని వేల కోట్లు పోసి కట్టినా అది ఫంక్షన్ హాలే.

అలాగని సెకండ్ లైఫ్ రెసిడెంట్లది శాశ్వత పట్టా ఏమీ కాదు. సర్వర్లు కంపెనీవి, మీట కంపెనీ చేతిలో. 2020లో ఆ కంపెనీని కొత్త మదుపరులు కొనుక్కున్నారు. రేపు ఇంకెవరో కొనవచ్చు, మూయనూవచ్చు. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆటను ఎన్‌సీసాఫ్ట్ 2012 నవంబరు 30న మూసేస్తే, జనం చివరి నిమిషం దాకా వీధుల్లో కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. అభిమానులు సొంత సర్వర్ల మీద దాన్ని 2019లో బతికించారు. 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్టే వాళ్లలో హోమ్‌కమింగ్ అనే బృందానికి అధికారికంగా అనుమతి ఇచ్చింది. ఊరు తిరిగొచ్చింది గానీ పాత పాత్రలు రాలేదు. అందరూ తమను తాము మళ్లీ మొదట్నుంచి తయారుచేసుకున్నారు.

కాబట్టి మీకు సెకండ్ లైఫ్‌లోనో, అలాంటి మరో ప్రపంచంలోనో పాత ఖాతా ఉంటే, పాస్‌వర్డు మరిచిపోయామని కొత్తది తెరవకండి. కంపెనీ సపోర్టుకు రాసి పాతదే తెరిపించుకోండి. కొత్త ఖాతాలోకి పాత సామానూ రాదు, పాత స్నేహితులూ రారు. ఈసారి ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులకు మీ ఈమెయిల్ ఇవ్వండి. ఇంట్లో ఒక్కరికైనా ఆ ఖాతా ఉన్న సంగతి, అందులో ఎవరికి కబురు చెప్పాలన్న సంగతి రాసిపెట్టండి.