ముక్కు కొండా, రాజహంసలూ

నాయనా, మన నగరి ముక్కు కొండను రోజూ చూస్తావు కదా. పాతకాలంలో సముద్రం మీద పోయే ఓడలవాళ్లకు అదే కొండగుర్తు! తీరం ఇక్కడికి డెబ్బై ఎనభై కిలోమీటర్లు ఉంటుంది. అంత దూరానికి ఎట్లా కనబడిందంటావా? భూమి గుండ్రం కాబట్టి దూరం పోయేకొద్దీ నేల వంపులో దిగిపోతుంది. కానీ మన కొండ ఎత్తు సుమారు 855 మీటర్లు. గాలి తేటగా ఉంటే అంత ఎత్తు శిఖరం వంద కిలోమీటర్ల దాకా ఆ వంపు మీదుగా తల చూపిస్తుంది.

ఆ తీరంలో ఉండేదే పులికాట్. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. 1976 నుంచి పక్షులకు అభయారణ్యం. మన పక్కన పిచ్చాటూరు మీదుగా పోయే అరణియార్ చివరకు కలిసేది అందులోనే.

చలికాలం పోయి చూడాల. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డుకు రెండు పక్కలా నీళ్లే, ఆ నీళ్లలో రాజహంసలు. అవి తల తలకిందులు చేసి ముక్కు నీళ్లలో పెడతాయి. నాలుక పంపులా ఆడిస్తే బురదనీళ్లు లోపలికొచ్చి బయటకు పోతాయి, ముక్కు అంచుల్లోని దువ్వెన పళ్లలో చిన్న రొయ్యలు, పురుగులు, నాచు చిక్కుకుంటాయి. మీ అవ్వ రాగిపిండి జల్లించదా, అట్లాగన్నమాట. ఆ తిండిలోని రంగే రెక్కలకు పడుతుంది. పుట్టినప్పుడు పిల్ల బూడిద రంగులోనే ఉంటుంది నాయనా!

అక్కడికి దగ్గర్లోనే నేలపట్టు. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటుంది. చూస్తే, మింగేసిందేమోనని గుండె ఝల్లుమంటుంది. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పైరుకు ఎరువని ఊరివాళ్లకు తెలుసు, అందుకే పిట్టల జోలికి ఎవరినీ పోనివ్వరు. ఏ చట్టం కన్నా ఈ కాపలాయే గట్టిదని నా నమ్మకం.

నాకు దిగులంతా సరస్సు ముఖద్వారాల గురించే. రొయ్య పిల్లలు సముద్రంలోంచి ఆ దారినే లోపలికొచ్చి, పెరిగి, మళ్లీ సముద్రానికి పోతాయి. అలలు తెచ్చే ఇసుక ఆ దారిని పూడుస్తూనే ఉంటుంది, దాన్ని వెనక్కి నెట్టాల్సింది ఏటి వరద. వరద తగ్గిన ఏడు దారి మూసుకుంటుంది. ఎండాకాలం నీళ్లు ఆవిరై ఉప్పు మిగిలి, సరస్సు సముద్రం కన్నా ఉప్పగా తయారవుతుంది. అప్పుడు చేపలుండవు, జాలరి వలా నిండదు, గూడబాతు సంచీ నిండదు.

సంక్రాంతి సెలవులకు పోదాం. చద్దిమూట కట్టుకుని, తెల్లారకముందే బస్సెక్కాల. గట్టు దిగి నీళ్లలోకి పోకూడదు, కేకలు వేయకూడదు. ఎర్ర చొక్కా మాత్రం ఇంట్లోనే పెట్టిరా, బెదురుతాయి.