ముందు బల్ల, తర్వాతే మిషన్లు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు అడిగినప్పుడు, "నాకు ఆకురాయి పట్టడం వచ్చు గానీ కలం పట్టడం రాదు" అన్నాను. "అయితే ఆ ఆకురాయి గురించే రాయి" అన్నారు. అందుకని నాకు తెలిసిన పని గురించే రాస్తున్నాను. తప్పులుంటే తమ్ముళ్లు, చెల్లెళ్లు మన్నించాలి.

పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే ఉన్నాను. తర్వాత ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు రెండేళ్లు చదివి, విజయవాడ ఆటోనగర్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఇంటి పక్కన బండి పెట్టుకునే రేకుల షెడ్డులోనే నా పని. స్ప్రేయర్లు, నీళ్ల మోటార్లు, గేట్లు, కిటికీ గ్రిల్సు, ఏది వస్తే అది బాగుచేస్తాను. ఐటీఐ పూర్తిచేసిన మన హాస్టలు తమ్ముళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "అన్నా, ఇంటి దగ్గర సొంతంగా పని మొదలుపెడదామనుకుంటున్నా. గ్రైండరు ఏ కంపెనీది కొనాలి? డ్రిల్లు ఏది మంచిది?" అని అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: "బల్ల ఉందా?"

చాలామందికి ఉండదు. నాకూ ఉండేది కాదు.

మా నాన్న చెప్పులు కుట్టేవాడు. ఆరె, రంపె, ఒక రాయి, ఇవే ఆయన సామాను. నేల మీద కూర్చుని, తోలు ముక్కను రెండు కాళ్ల బొటనవేళ్ల మధ్య బిగించి పట్టుకుని కోసేవాడు. మన ఇళ్లలో అమ్మలు కత్తిపీటను కాలితో తొక్కిపట్టి కూరలు తరగడం కూడా ఇలాంటిదే. చేతులు రెండే ఉన్నాయి, పట్టుకోవడానికి ఇంకోటి కావాలి కాబట్టి కాళ్లను వాడుకున్నారు. అది తెలివైన పద్ధతే. కానీ ఇరవై ఏళ్లు అలా వంగి పనిచేస్తే నడుము ఏమవుతుందో నేను ఇంట్లో చూశాను. కాలి వేళ్ల మీద పాత గాట్లు ఎన్నుండేవో కూడా చూశాను.

అంత చూసి కూడా 2009లో నేను అదే పని చేశాను. ఇంట్లో ఉన్న పాత చదువుకునే బల్ల మీద రేకు ముక్కకు బెజ్జం వేస్తున్నాను. బల్ల ఊగుతోంది, వైస్ లేదు. ఎడమ చేత్తో ముక్కను అదిమిపట్టి కుడిచేత్తో డ్రిల్లు నొక్కాను. బిట్టు అవతలికి దిగేటప్పుడు రేకును పట్టేస్తుంది, అది ఫిట్టర్లందరికీ తెలిసిందే. రేకు గిర్రున తిరిగింది. నా ఎడమ చూపుడువేలి కొన ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది. నెలరోజులు పని లేదు. డ్రిల్లు మంచిదే. లోపమంతా బల్లది, దాన్ని నమ్ముకున్న నాది.

పనిబల్ల చేయాల్సిన పనులు మూడు. పనిముక్కను కదలకుండా పట్టుకోవాలి. దాన్ని మన శరీరానికి సరైన ఎత్తులో ఉంచాలి. ఎంత గట్టిగా కొట్టినా, తోసినా తాను కదలకూడదు. ఈ మూడూ కుదిరితే అందం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎత్తు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ కొలవరు. మనందరం ట్రంకు పెట్టె మీద నోటుబుక్కు పెట్టుకుని రాసినవాళ్లమే. పరీక్షల రోజుల్లో మెడ వెనక పట్టేసేది గుర్తుందా? ఆ పెట్టె ఎత్తు బట్టల కోసం పెట్టింది, మన మెడ కోసం కాదు. పనిబల్ల విషయంలోనూ జరిగే పొరపాటు ఇదే. దొరికిన బల్ల ఎత్తుకు మనం వంగుతాం.

కొలత సులువు. పనిచేసేటప్పుడు వేసుకునే చెప్పులతోనే నిటారుగా నిలబడండి. మోచేతిని మడిచి, నేల నుంచి మోచెయ్యి దాకా ఎంతుందో స్నేహితుడి చేత టేపుతో కొలిపించండి. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, మోచేతి ఎత్తు సుమారు 42 అంగుళాలు. ఆకురాయి పట్టేటప్పుడు వైస్ దవడల పైభాగం మోచేతి ఎత్తులో ఉండాలని ఐటీఐలో నేర్పుతారు. నా వైసు బల్ల మీద 7 అంగుళాలు లేస్తుంది. 42లో 7 తీసేస్తే 35. అదే నా బల్ల ఎత్తు. చెక్కకు చిత్రిక పట్టేవాళ్లకు ఇంకా తక్కువ ఎత్తు కావాలి, మణికట్టు దగ్గరకు, అంటే నాకైతే 32 అంగుళాలు. అక్కడ భుజాల బరువు పైనుంచి దిగాలి. నేను చిత్రిక పని అరుదుగా చేస్తాను కనుక, ఆ రోజు కాళ్ల కింద చెక్క పీట వేసుకుంటాను. మీ పని చెక్కపనే అయితే మీరు 32 దగ్గర కట్టుకోండి.

ఇక బల్ల పైపలక. ఒక చెక్క స్కేలును రెండు పుస్తకాల మీద వంతెనలా పరిచి మధ్యలో వేలితో నొక్కండి, వంగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి నొక్కండి, వంగదు. చెక్క అదే, మారింది మందమే. మందం రెట్టింపయితే వంగడం సగానికి కాదు, ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. రెండును మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చే ఎనిమిదే అది. దీనిలో ఒక కిటుకుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు రెంటిని ఒకదానిమీద ఒకటి ఊరికే పెడితే అవి విడివిడిగానే వంగుతాయి, గట్టితనం రెండింతలే అవుతుంది. అవే రెంటిని మధ్యలో ఫెవికాల్ నిండుగా రాసి అతికిస్తే 36 మిల్లీమీటర్ల ఒకే పలకలా పనిచేస్తాయి, గట్టితనం ఎనిమిదింతలు. డబ్బా ఫెవికాల్‌తో వచ్చే లాభం ఇంకెక్కడా రాదు.

ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది. దాన్ని నిలువునా రెండుగా కోస్తే 2 అడుగుల వెడల్పున్న రెండు బద్దలు వస్తాయి. ఒక్కో బద్ద నుంచి 5 అడుగులు కోసుకుంటే ఆ రెండూ కలిసి పైపలక అవుతాయి. మిగిలిన మూడేసి అడుగుల ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టి కాస్త కత్తిరిస్తే కింది అర. షీటంతా వాడకంలోకి వచ్చినట్టే. కొనేటప్పుడు షీటు మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 అని ఉంటే సాధారణ వాడకానికి, ఐఎస్ 710 అంటే నీటికి తట్టుకునే మెరైన్ రకం. షెడ్డులోకి వాన జల్లు కొట్టకపోతే మొదటిది చాలు. అతికించేటప్పుడు కింది నుంచి అంగుళంపావు మరలు బిగించి, పైన ఇటుకలు పేర్చి ఒక రాత్రి వదిలేయండి. మరలు పైనుంచి బిగించారా, ఏదో ఒకరోజు రంపం పళ్లు వాటికి తగులుతాయి.

కాళ్లకు నేను వాడింది 40 మిల్లీమీటర్ల చదరపు ఇనుప పైపు, గోడ మందం 2 మిల్లీమీటర్లు. పైపు 20 అడుగుల పొడవు వస్తుంది, రెండు పైపులు చాలు. ఒకదాంట్లో 56 అంగుళాల పొడవు పట్టెలు నాలుగు వస్తాయి, పైన రెండు, కింద రెండు. రెండోదాంట్లో 31 అంగుళాల కాళ్లు నాలుగు, 20 అంగుళాల అడ్డపట్టెలు ఐదు. పైపలక నాలుగు వైపులా రెండేసి అంగుళాలు బయటికి ఉంటుంది, క్లాంపు పట్టించడానికి ఆ అంచు అవసరం.

మంచం కోళ్లు వదులైతే ఏమవుతుందో మనకు తెలుసు. కూర్చుంటే చాలు, కిర్రుమంటూ పక్కకు ఒరుగుతుంది. నాలుగు పట్టెల చట్రాన్ని మూల పట్టి తోస్తే నలిగిన అగ్గిపెట్టెలా వాలిపోతుంది. త్రిభుజం అలా వాలదు, ఎందుకంటే భుజాల పొడవు మారకుండా దాని ఆకారం మారదు. బడిలో జ్యామితిలో సర్వసమాన త్రిభుజాలని చదివింది ఇదే. అందుకే బల్ల వెనకవైపు రెండు ఇనుప పట్టీలు ఏటవాలుగా వేయాలి. వెల్డింగు గట్టిగా ఉంది కదా, ఇవెందుకు అని మొదటిసారి నేను మానేశాను. వైసులో పైపు బిగించి వంచబోతే బల్లే వంకర తిరిగింది.

వెల్డింగు ఒకేసారి నిండుగా వేయకండి. ముందు మూలల్లో చుక్కలు పెట్టి, రెండు కర్ణాలనూ కొలవండి. 56, 20 అంగుళాల చట్రానికి కర్ణం సుమారు 59 అంగుళాలన్నర రావాలి. అంకె కంటే ముఖ్యం, రెండు కర్ణాలూ సమానంగా ఉండటం. తేడా ఉంటే పొడవైన వైపు సుత్తితో తట్టి సరిచేసుకోవచ్చు. నిండుగా వెల్డు చేశాక ఇక అది జరగదు. వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకుని చట్రాన్ని తనవైపు లాగుతుంది కాబట్టి, ఒక మూల వేశాక ఎదురు మూలకు వెళ్లాలి.

మన షెడ్ల నేల నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది. మూడు కాళ్ల పీట ఎక్కడ పెట్టినా ఊగదు, నాలుగు కాళ్లది ఊగుతుంది. కాలి అడుగున చిన్న ప్లేటు, దానికి నట్టు వెల్డు చేసి, 12 మిల్లీమీటర్ల బోల్టు బిగించండి. బోల్టు తిప్పుతూ ఒక్కో కాలిని ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు. నేను లెక్కలో ఆ బోల్టుకు ఒక అంగుళం వదిలాను. రసమట్టం పెట్టి సరిచూశాక కింది అర మీద ఇసుక సంచులు పెట్టండి. సొంత ఇల్లయితే గోడకు ఫాస్టెనర్లతో బిగించేయవచ్చు. అద్దె ఇంట్లో గోడకు బెజ్జం వేస్తే యజమాని ఊరుకోడు, అప్పుడు బరువే దిక్కు.

వెల్డింగు రానివాళ్లు చెక్క కాళ్లు పెట్టుకోవచ్చు. పచ్చి చెక్క మాత్రం కొనకండి, ఆరేకొద్దీ పగిలి వంకర తిరుగుతుంది. పాత పెంకుటిల్లు విప్పినప్పుడు దొరికే దూలాలు, వాసాలు ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి. మామిడి చెక్క చవకే కానీ పుచ్చు పడుతుంది.

వైసును కాలికి దగ్గరగా పెట్టండి. సుత్తి దెబ్బ కాలిగుండా నేలకు పోవాలి. బల్ల మధ్యలో పెడితే ప్రతి దెబ్బకూ పలక ఎగురుతుంది. కదలని దవడ బల్ల అంచు కంటే కొంచెం బయటికి ఉండాలి, లేకపోతే పొడవైన కడ్డీని నిలువుగా బిగించినప్పుడు కింది భాగం బల్ల అంచుకు అడ్డుపడుతుంది. మరలతో కాదు, పలక అవతలికి దిగే బోల్టులు, పెద్ద వాషర్లతో బిగించాలి.

రెండు ప్రమాదాల సంగతి చెప్పకుండా ఉండలేను. ఇది ఇనుప బల్ల. డ్రిల్లు వైరు ఎక్కడైనా తెగి చట్రానికి తగిలితే బల్లంతా కరెంటే. చట్రానికి ఎర్తు వైరు కలపండి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. బోర్డులో రెండు పిన్నుల ప్లగ్గుతో సర్దుకోవద్దు. రెండోది, అది మన బండి పెట్టుకునే షెడ్డు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది. గ్రైండరు నిప్పురవ్వలు కూడా నేల మీదకే రాలతాయి. గ్రైండరు స్విచ్ వేసే ముందు బండిని బయట పెట్టాల్సిందే. వాన పడుతోందని ఒక్కరోజు కూడా మినహాయింపు లేదు, మా ఇంట్లో దీని మీద గొడవలు అయ్యాయి కూడా.

బల్ల కట్టాక మొదటివారం మా నాన్న వచ్చి దాని ముందు నిలబడ్డాడు. వైసు పిడి తిప్పి ఒక తోలు ముక్క బిగించాడు, దవడల పళ్లు గుచ్చుకోకుండా నేను రెండు అల్యూమినియం తొడుగులు వేశాను. కాసేపు కోశాడు. "నిలబడి చేస్తుంటే నా పని కానట్టుందిరా" అని మళ్లీ కింద కూర్చున్నాడు. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. నేను బలవంతపెట్టలేదు. కానీ తోలు దళసరిగా ఉంటే మాత్రం లేచి వచ్చి వైసులో పెట్టించుకునేవాడు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో హాస్టలుకు వచ్చినప్పుడు స్టోరు రూము వెనక వరండాలో కాళ్లు విరిగిన ఇనుప మంచాలు చూశాను. వాటిలో చాలావాటికి ఒక వెల్డు, రెండు బోల్టులు చాలు. వరండా కొలతలు తీసుకున్నాను, 5 అడుగుల బల్ల సరిగ్గా పడుతుంది, వెలుతురు కూడా ఎడమవైపు నుంచి వస్తుంది. వార్డెన్ గారితో మాట్లాడాను. వైసు, పైపులు నేను తెస్తాను. ప్లైవుడ్ షీటు ముప్పై కిలోల పైన ఉంటుంది, ఆటో దిగాక మోయడానికి పెద్ద క్లాసు తమ్ముళ్లు ఇద్దరు కావాలి. ఎత్తు మాత్రం ఇంకా తేల్చలేదు. పెద్దవాళ్ల మోచేతికి కట్టి చిన్నవాళ్లకు పీటలు వేయాలా, లేక మధ్యస్థంగా కట్టాలా? మీలో ఒక నలుగురు మోచేతి ఎత్తు కొలిచి, కాగితం మీద రాసి వార్డెన్ గారి దగ్గర ఇవ్వండి. చెప్పులు వేసుకుని కొలవడం మరిచిపోవద్దు.