ఎర్ర గచ్చు

మట్టి ఇంటిని మాటిమాటికీ పేడతో అలకాలి. గచ్చు వేస్తే ఆ చాకిరీ తప్పుతుంది. ఎర్ర గచ్చయితే చూడను అందంగా కూడా ఉంటుంది. కాని తప్పుగా వేస్తే పగులుతుంది. పెట్టిన డబ్బు పోతుంది.

మొదట ఇసుక చూడాలి. కణేకల్ పక్క హగరి ఏటి ఇసుక గాలికి ఎగిరి దిబ్బలు పడుతుంది. ఆ ఇసుక మరీ సన్నం. గచ్చుకు గరుకు ఇసుక కావాలి. అరచేతిలో రుద్దితే మట్టి అంటుకుందా? అయితే కడిగి వాడాలి.

కింది మట్టిని తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. దానిపై కాంక్రీటు వేస్తారు. అది గట్టిపడినాక, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళ ఇసుక కలిపి పరుస్తారు. అది పచ్చిగా ఉండగానే రంగు పూయాలి. పది కిలోల సిమెంటుకు కిలో ఎర్ర రంగు చాలు. ఎక్కువైతే బలం తగ్గుతుంది. గది మొత్తానికి రంగు, సిమెంటు ఒకేసారి పొడిగా కలిపి పెట్టుకోవాలి. లేకుంటే ఒక మూల ముదురుగా, ఒక మూల లేతగా వస్తుంది. నీళ్ళు ఎక్కువ పోస్తే మేస్త్రీకి పని సులువు. పగుళ్ళు మాత్రం ఇంటివాళ్ళకు మిగులుతాయి.

అసలు కష్టం ఆ తర్వాతే. ఏడు రోజులు గచ్చు ఆరకూడదు. ఆ నీళ్ళు మోసేది ఆడవాళ్ళే కదా! అందుకే ఎండాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడం మేలు. తడి గోనెసంచులు పరిస్తే తక్కువ నీళ్ళతో సరిపోతుంది.

తడి సిమెంటు చర్మాన్ని తింటుంది. తట్టలు మోసే కూలీల చేతులు, కాళ్ళు పుండ్లు పడతాయి. రబ్బరు తొడుగులు అడిగి తీసుకోవాలి. సిమెంటు తగిలితే వెంటనే కడుక్కోవాలి. కంట్లో పడితే ఇరవై నిమిషాలు శుభ్రమైన నీళ్ళతో కడిగి, ఆసుపత్రికి పోవాలి.

నెల దాటి గచ్చు బాగా ఆరినాక, గుడ్డకు కొంచెం కొబ్బరినూనె అద్ది తుడిస్తే ఎరుపు నిగనిగలాడుతుంది. నూనె మిగిలితే కాలు జారుతుంది. పొడిగుడ్డతో మళ్ళీ తుడవాలి.