జూకు వెళ్తున్నారా? ఉక్క సంగతి మరవకండి

సెలవులకు పిల్లలతో విశాఖ ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాలకు బయలుదేరుతున్నారా? సంతోషం. 1977లో ప్రారంభమైన ఈ జూ 625 ఎకరాలు. కంబాలకొండ అడవి పక్కన, సముద్రానికి దగ్గరలో చెట్ల నీడ బాగానే ఉంటుంది. ఆ నీడే చాలామందిని మోసం చేస్తుంది.

విజయవాడలో 42 డిగ్రీలంటే హడలిపోయేవారు, విశాఖలో 34 అనగానే "ఓస్, ఇంతేనా!" అంటారు. కాని ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆరడం. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కనుక ఇక్కడ చెమట కారుతుందే గాని త్వరగా ఆరదు. వేడి లోపలే ఉండిపోతుంది. నీరూ, ఉప్పూ బయటికి పోతాయి.

కోతుల దగ్గర గెంతులేసినవాడు పులి దగ్గరకు వచ్చేసరికి "అమ్మా, తలనొప్పి" అంటూ చంకెక్కితే, గారాబమనుకుని కసురుకోకండి. నీడన కూర్చోబెట్టి, చొక్కా విప్పి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ విసరండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో తలకొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఇంటినుంచే తెచ్చుకోండి. గుక్క గుక్కగా పట్టండి. ఉప్పు మాత్రం ఎక్కువ కానివ్వకండి, ప్రమాదం.

మాట తడబడి, ఒళ్ళు కాలిపోతుంటే వడదెబ్బేనని అనుమానించాలి. చెమట పడుతోంది కదా అని ధీమా వద్దు. ఒళ్ళంతా తడుపుతూనే 108కి ఫోను చేయించండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయరాదు.

ఇక క్యారియరు. పులిహోర చింతపండు పులుపువల్ల కొంత ఆగుతుంది. తెల్లవారుజామున రుబ్బిన కొబ్బరి పచ్చడిని మాత్రం, వాసన రాకపోయినా సరే, మధ్యాహ్నం పిల్లలకు పెట్టకండి.